అండాలమ్మ పీపీ నంబరు

దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక గల్లీ మొదట్లో అండాలమ్మకు ఒక ఎస్టీడీ డబ్బా ఉండేది. సెల్‌ఫోన్లు వచ్చాక అందులో రీచార్జి కార్డులు, చిప్స్ ప్యాకెట్లు అమ్ముడుపోయేవి గానీ, ఫోనుకు మాత్రం దుమ్ము తుడిపించుకోవడమే పని. అయినా ఆమె దాని బిల్లు కట్టడం మానలేదు. ఎవరైనా నవ్వితే, నీ ఇంట్ల బిల్లు గాదు గదా అనేది.

పీపీ నంబరంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. సొంత ఫోను లేనివాళ్లు పక్కవాళ్ల నంబరు చుట్టాలకిచ్చి, దాని పక్కన పీపీ అని రాసేవాళ్లు. ఫోనొస్తే ఆ ఇంటివాళ్లు వెళ్లి పిలుచుకురావాలి. నల్గొండ ఊళ్ల నుంచి వచ్చి మా గల్లీలో కిరాయికుండే వాళ్లందరికీ అండాలమ్మ డబ్బానే పీపీ. ఆమె నిలబడి ఒక్క కేకేస్తే ఎదురింటి పెంటమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చేది. గల్లీలో పెళ్లి కబురైనా చావు కబురైనా ముందు అండాలమ్మ చెవినే పడేది, కానీ ఆమె నోటి నుంచి బయటికొచ్చేది కాదు.

ఆమె సొంత ఫోను మాత్రం వారానికి ఒక్కటే. భర్త దశరథది పోచంపల్లి పక్క ఊరు. మగ్గం మీద బతుకు సాగక మహారాష్ట్రలోని భివండిలో పవర్‌లూమ్ పనికి పోయాడు. ఆదివారం సాయంత్రం ఫోను చేసేవాడు. ఒకసారి మాటా మాటా పెరిగింది. డబ్బా అమ్మేసి వచ్చెయ్యమని అతను, ఇంత కష్టపడి నిలబెట్టుకున్నది వదిలి రానని ఈమె. చివరికి అతను, “సరే, ఆదివారం చేస్త” అని పెట్టేశాడు. ఆ ఆదివారం రాలేదు. ఆమె భివండి దాకా పోయి వెతికింది. కిరాయి గది ఖోలీ ఖాళీ చేసి సూరత్ పోయాడన్నారు, కాదు షోలాపూర్ అన్నారు. ఊళ్లోవాళ్లకూ జాడ తెలియదు. ఇక ఆమె అతన్ని వెతికే దారి లేదు, అతనే ఆమెను వెతకాలి. అందుకు అతని దగ్గరున్నది ఆ డబ్బా నంబరొక్కటే.

అటువంటి సమయంలో మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేస్తామని డబ్బా గోడ మీద ఎర్రగీత గీసిపోయారు. ఎల్బీనగర్‌లో చిన్న దుకాణం చూసుకుంది గానీ, అది వేరే టెలిఫోన్ ఎక్స్ఛేంజి కిందికి వస్తుంది, నంబరు మారుతుందన్నారు. అన్నం మానేసింది. ఇల్లు పోతుందన్నా అంత ఏడ్చేది కాదేమో.

దేశానికి కొత్త సమాచార సాంకేతిక విధానం రాస్తున్నారని, జనం అభిప్రాయాలు కావాలని అప్పుడే ఎల్బీనగర్‌లో ఒక సభ పెట్టారు. అలాంటి సభల్లో జనం తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రాసిపెట్టడం నా ఉద్యోగం. సమ్మిళిత అనుసంధానం, డిజిటల్ సాధికారత అని టైపు చేసి చేసి నాకు విసుగు పుట్టింది. ఆ మాటల వెనక ఒక్క మనిషి కనపడితే ఒట్టు. పైగా సభ రోజే తెలంగాణ బంద్. ఢిల్లీలో కూర్చుని తేదీ పెట్టేవాళ్లకు ఇక్కడ బస్సు కదలదని ఎవరు చెప్పాలి? ఫంక్షన్ హాలు నిండా కుర్చీలే.

నేను చెప్పిన కబురు పట్టుకుని అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచే వచ్చింది. దారిలో ఊరేగింపు వాళ్లు జెండా చేతికిస్తే అది కూడా పట్టుకుని వచ్చింది. వేదిక మీది అధికారి గంగాధరరావు గారు ఏం కావాలమ్మా అన్నారు.

“నాకు జాగ వద్దు, పైసలొద్దు సారూ. నా నంబరు నాతోని రావాలె. నంబరు మనిషిది గావాలె గని గోడది గాదు.”

సెల్‌కైతే ఆ వీలు వచ్చిందని, తీగ ఫోను ఎక్స్ఛేంజికి కట్టుబడి ఉంటుందని ఆయన ఓపికగా చెప్పారు. సెల్ కొనుక్కోరాదా అని అడిగారు. చీర చెంగులోంచి సెల్ తీసి చూపించింది. “గిది నాకున్నది. మా ఇంటాయనకు గా నంబరే ఎర్క.” ఆయన ఆ డబ్బా నంబరు అడిగి రాసుకున్నారు.

ఆమె మాటను ఉన్నదున్నట్టు రాశాను. ముసాయిదా అచ్చయి వచ్చేసరికి అది వినియోగదారుల సౌలభ్యం అన్న శీర్షిక కింద సగం వాక్యంగా మిగిలింది. నాకు ఒళ్లు మండిపోయింది. అండాలమ్మకు చూపిస్తే, ఇందులో మా ఇంటాయన పేరున్నదా అని అడిగింది.

గంగాధరరావు గారు చేయగలిగింది చేశారు. పాత నంబరుకు చేస్తే, నంబరు మారిందని రికార్డు చేసిన ఆడగొంతు చెప్పి కొత్తది వినిపించేట్టు కొన్నాళ్లు పెట్టించారు. ఎల్బీనగర్ దుకాణం తలుపు తీయగానే అండాలమ్మ పాత నంబరు కొట్టి ఆ ఆడగొంతు విని, అప్పుడు దీపం పెట్టేది. ఒకరోజు గొంతు రాలేదు, రింగయింది.

ఎత్తినాయన సాంబమూర్తి గారు, చైతన్యపురిలో ఇల్లు కట్టుకున్న గుంటూరు వైపు పెద్దమనిషి. కొత్తగా ఫోను పెట్టించుకుంటే ఈ నంబరిచ్చారు. రోజులు బాగాలేవు, ఎవరో ఏమో అని మొదటిసారి పెట్టేశారు. ఆమె మళ్లీ చేసింది. ఊరందరికీ పీపీ అయిన మనిషి మొదటిసారి తన కోసం అడిగింది.

“జర మీరు నాకు పీపీ ఉంటరా అయ్యా? దశరథ అని చేస్తడు.”

ఆయన, మీ సెల్ నంబరు చెప్పండి, అతను చేస్తే ఇస్తానన్నారు. వేరే గొంతు వింటే అలిగి పెట్టేస్తాడని ఆమె భయం. అయితే ఆదివారం వచ్చి కూర్చోండమ్మా అన్నారు.

అప్పటినుంచి ఆదివారం సాయంత్రం దుకాణం మూసి చైతన్యపురి పోతుంది. లోపలికి రమ్మన్నా వినదు, గడప పక్క మెట్టు మీద కూర్చుంటుంది. వాళ్లావిడ టీ ఇస్తుంది. రాష్ట్రం వస్తుందా రాదా అని టీవీలో అరుచుకుంటుంటే సాంబమూర్తి గారు ఫోను మోగితే వినపడదని టీవీ నోరు నొక్కేస్తారు. వెళ్లొద్దని చెబుదామని ఒక ఆదివారం నేనూ వెంట వెళ్లాను. ఆశ మనిషిని తినేస్తుందని నా భయం. నోరు తెరిచేలోపే లోపల ఫోను మోగింది.

సాంబమూర్తి గారు గబగబా నడిచి వెళ్లి ఎత్తారు.

“హలో, అండాలమ్మ గారి పీపీ నంబరండీ. ఎవరు మాట్లాడేది?”

అండాలమ్మ అప్పటికే లేచి నిలబడి ఉంది.