ఎముకలు లేని కూర

మా ఇంట్లో మీల్ మేకర్ వండిన రోజు, హౌరా స్టేషన్ వెయిటింగ్ రూములో కలిసిన ముసలావిడే గుర్తొస్తుంది. అవే ఎండు సోయా ముక్కల పొట్లం ఒళ్లో పెట్టుకుని, శ్రీకాకుళం బండి కోసం చూస్తోంది.

"రేపు మా ముసలోడి సంవత్సరీకం బాబూ. ఇష్టమైన కూర ఆకులో ఎయ్యాలి కదా."

"ఇదంటే అంత ఇష్టమా?"

"ఆడికి మాంసమంటే ఇష్టం. ఓడల డాక్‌లో మూటలు మోసీవోడు, మంచాన పడ్డాడు. ఒంట్లో ప్రోటీను లేదు, మాంసం పెట్టమన్నాడు డాక్టరు. ఏటి పెట్టి కొంతాం? ఇదే నానబెట్టి, గట్టిగా పిండి, మసాలా దట్టించి వొండీదాన్ని. మాంసమని చెప్పీదాన్ని."

"కనిపెట్టలేదా?"

ఆవిడ పొట్లం మూతి విప్పి, మళ్లీ ముడేసింది.

"పోయేదాకా తిన్నాడు. ఎముకేదని ఒక్కనాడూ అడగలేదు."