నాలుగు వేళ్ళ బెరడు

మొన్న ఉదయం కోకాపేటలో మా అపార్టుమెంటు ముందు నడుస్తుంటే, ఒకతను నిచ్చెన వేసుకుని వేపచెట్టు కాండానికి లేడీస్ హాస్టల్ బోర్డును మేకులతో కొడుతూ కనిపించాడు. మూడో మేకు దిగుతుండగా వెళ్ళి నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. "ఏందమ్మా, చెట్టే గదా, దానికేమన్న నొస్తదా?" అన్నాడు. దిగితే చెబుతానన్నాను. దిగాడు. చెప్పాను, కాస్త గట్టిగానే చెప్పి, ఆ మూడు మేకులూ అతని చేతనే పీకించాను. ఇంటికొచ్చి కాఫీ కలుపుకుని కుర్చీలో కూలబడ్డాను. అరవై దాటాక కోపం కూడా ఒంటికి శ్రమే కదా. ఆ కోపంలోనే మా అత్తగారు గుర్తొచ్చారు.

నా ఈడు వాళ్ళకు మాదాపూర్ తొలి రూపం గుర్తుండే ఉంటుంది. ఒక పక్క అద్దాల మేడలు లేస్తున్నా, మరో పక్క బండరాళ్ళూ సీతాఫలం పొదలూ ఇంకా మిగిలి ఉండి, మధ్యలో దుమ్ము రేపుకుంటూ సిమెంటు లారీలు తిరిగిన రోజులవి. మేము గోదావరి జిల్లా నుంచి వచ్చి ఒక ఇంటి మొదటి అంతస్తులో అద్దెకు దిగాం. మావారిది కంపెనీ ఉద్యోగం, నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను, ఇల్లు చూసుకునేది మా అత్తగారు. ఆ ఇంటి ముందు రోడ్డు పక్కన ఒక కానుగ చెట్టు ఉండేది, దాని కింద ఒకావిడ ఇస్త్రీ బండి పెట్టుకునేది. మా అత్తగారి "అండీ"లూ, ఆవిడ "ఏంది పెద్దమ్మా"లూ మొదట్లో ఒకరివొకరికి సగమే అర్థమయ్యేవనుకుంటాను. అయినా సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ ఆ నీడలో కూర్చుని లోకంలోని కబుర్లన్నీ చెప్పుకునేవారు. బియ్యం కడిగిన నీళ్ళు రోజూ ఆ చెట్టు మొదట్లో పోయడం అత్తగారి అలవాటు. ఆఫీసుకు వెళ్ళే హడావిడిలో ఆ బకెట్టు నా చేతికిచ్చి కిందికి పంపితే, ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడేదాన్ని. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కొన్నాళ్ళకు మా కింది వాటాలో కళ్ళజోళ్ళ షోరూము వచ్చింది. దాని యజమాని పెద్ద బోర్డు పెట్టించుకున్నాడు గానీ, కానుగ కొమ్మల వెనక అది సగమే కనబడేది. కొమ్మలు కొట్టించమని మా ఇంటి ఓనరును అడుగుతూనే ఉన్నాడని ఇస్త్రీ ఆవిడ చెబితే మేమెవరం పట్టించుకోలేదు. ఒకరోజు పొద్దున్నే ముగ్గు వేయడానికి కిందికి వెళ్ళిన అత్తగారు పెట్టిన కేక పై అంతస్తు దాకా వినిపించింది. మేము పరుగెత్తుకెళ్ళి చూస్తే, చెట్టు నడుము చుట్టూ జానెడు వెడల్పున బెరడు ఒలిచేసి ఉంది. లోపలి చెక్క తడితడిగా, తెల్లగా, చర్మం ఊడిన మోకాలిలా ఉంది. ఇస్త్రీ బండిని గొలుసుతో చెట్టుకు బిగించి కట్టిన వైపు మాత్రం ఉలి దూరలేదు. అక్కడ నాలుగు వేళ్ళంత బెరడు మిగిలింది. చుట్టూతా బెరడు పోతే ఏ చెట్టయినా నిలువునా ఎండిపోతుంది.

షోరూము ఆయన గుమ్మంలో నిలబడి, పురుగు పట్టి ఉంటుందన్నాడు.

"పురుగు ఉలి పట్టుకోని వస్తదా సార్? జర మమ్ముల చూసి చెప్పు," అంది ఇస్త్రీ ఆవిడ.

మా అత్తగారు ఆయన ముందుకు వెళ్ళి, "ఊరందరికీ కళ్ళజోళ్ళు అమ్ముతావు గానీ నీకే కళ్ళు లేవటయ్యా?" అని అడిగారు. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి, బంకమట్టిలో పేడ కలిపి ఆ గాయానికి పూసి, అత్తగారి పాత నేతచీర ఒకటి తడిపి చుట్టబెట్టారు. మావారు మాత్రం, "అమ్మా, అద్దెకున్నవాళ్ళం, మనకెందుకు చెప్పు?" అన్నారు. నిజం చెప్పొద్దూ, నా మనసులోనూ అదే మాట ఉంది.

నెల తిరగకుండానే ఆకులు పసుపు తిరిగి రాలడం మొదలైంది. ఒక ఉదయం నేను టిఫిను డబ్బాతో మెట్లు దిగేసరికి, రంపాలూ మోకులూ పట్టుకుని నలుగురు మనుషులు చెట్టు చుట్టూ ఉన్నారు. వాళ్ళ వెనక ఓనరూ షోరూము ఆయనా నిలబడ్డారు. చెట్టు చచ్చిపోయిందనీ, జనం మీద పడుతుందనీ అంటున్నారు. మా అత్తగారు కాండానికి వీపు ఆనించి నిలబడ్డారు, ఆవిడ పక్కన ఇస్త్రీ ఆవిడ. ఆ ఇద్దరినీ అలా చూశాక నాకు ఆఫీసు బస్సు గుర్తు రాలేదు. వంగి ఉన్న ఒక రెమ్మను అందుకుని గోటితో గీకాను. లోపల పచ్చగా ఉంది.

"చూడండి, బతికే ఉంది. కొట్టడానికి అనుమతి కాగితం ఏదీ?" అన్నాను. గుమాస్తా ఉద్యోగం నాకు నేర్పిన విద్య అదొక్కటే, కాగితం అడగడం. వాళ్ళు ఓనరు ముఖం చూశారు, ఓనరు షోరూము ఆయన ముఖం చూశాడు. "కాగితం లేకుండా రంపం పెడితే మీ నలుగురి పేర్లూ రాసుకుని ఇప్పుడే ఫిర్యాదు ఇస్తాను," అన్నాను. నా గొంతు అంత పెద్దదని అప్పటిదాకా నాకే తెలియదు. రంపాలవాళ్ళలో పెద్దాయన మోకు చుట్టుకుంటూ, "ఈ లొల్లి మాకెందుకు సార్, కాగితం తెచ్చినంక పిలువున్రి," అని మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఓనరు పైకి వచ్చాడు. "కిరాయికున్నోళ్ళు కిరాయికున్నట్టే ఉండాలె. నెలలోపట ఖాళీ చేయున్రి," అన్నాడు. మావారు ఏదో సర్దిచెప్పబోతే అత్తగారు ఆపారు. "చేస్తామండీ. మీ ఇల్లు ఖాళీ చేస్తాం గానీ ఈ రోడ్డు ఖాళీ చెయ్యం," అన్నారు. మావారు నా వైపు చూశారు. నేను లేచి అటక మీది ట్రంకుపెట్టె దించమన్నాను.

రెండు వీధుల అవతల చిన్న ఇల్లు దొరికింది. ఎండ తప్ప గాలి రాని ఇల్లు. అక్కడి నుంచి అత్తగారు రోజూ ఒక బిందె నీళ్ళు మోసుకెళ్ళి ఆ చెట్టుకు పోసేవారు. ఆదివారాలు ఆ బిందె నేను మోసేదాన్ని, తల దించుకోకుండా. చెట్టు కొట్టే అనుమతి కాగితం ఎప్పటికీ రాలేదు. చైత్రం వచ్చేసరికి బెరడు మిగిలిన వైపు కొమ్మలు లేత ఆకులతో మెరిశాయి, రెండో వైపువి ఎండి రాలిపోయాయి. చెట్టు ఒక పక్కకు ఒరిగి ఒంటి భుజంతో బతికింది. గాయం అంచులు ఏటేటా పెదవుల్లా దగ్గరకొచ్చాయి. షోరూము ఎత్తేశారు, దాని స్థానంలో బిర్యానీ హోటలు వచ్చింది, అదీ పోయింది. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇస్త్రీ ఆవిడ నార్సింగిలో కూతురి దగ్గర ఉంటోంది, అప్పుడప్పుడు ఫోన్ చేసి "పెద్దమ్మ చెట్టు మంచిగున్నదా?" అని అడుగుతుంది. ఉందనే చెబుతాను, ఎందుకంటే ఉంది.

ఇప్పుడు కోకాపేటలో చెట్లకు కొదవ లేదు. పెరిగిన చెట్లనే లారీల్లో తెచ్చి నిలబెడుతున్నారు, మెడదాకా సిమెంటు పోస్తున్నారు, పండగకు ఒళ్ళంతా దీపాల తీగలు బిగిస్తున్నారు. మేకు కొట్టే కూలీకి కొట్టించేదెవరో తెలియదు. కొట్టించేవాడు ఈ వీధి ఎన్నడూ చూసి ఉండడు. ఫిర్యాదు చేస్తే ఫోనులో ఒక నంబరు వస్తుంది గానీ మనిషి రాడు. ఆ రోజుల్లో చెట్టుకు చెరుపు చేసినవాడు గుమ్మంలోనే నిలబడేవాడు, ఎదురుగా వెళ్ళి ముఖం మీదే అడిగేవాళ్ళం, ఇల్లు పోతే పోయిందనుకునేవాళ్ళం. దెబ్బలాడే నోరు నాకింకా ఉంది. అటు వైపు నిలబడే మనిషే కనబడటం లేదు.