ఆగిన సాంచెల నివేదిక

గోదావరి ఒడ్డున కొలువైన జ్ఞానసరస్వతికి మ్రొక్కి, ప్రమోదూత నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి నాడు, నేను వ్రాసిన ఒక నివేదికను, దానితోపాటు ఒక ఇంటి బ్రతుకుతెరువును నిలబెట్టిన ఇద్దరిని తలచుకొని ఇది వ్రాస్తున్నాను.

కావ్యాలు చదువుకొన్న నేను కరీంనగర్‌లో ఒక బట్టల గుత్తేదారు వద్ద గుమాస్తాగా చేరాను. ఆదిలాబాదు జిల్లా వసతిగృహాలకు దుప్పట్లు సమకూర్చే సర్కారు గుత్త ఆయనది. అందులో ఒక షరతు ఉండేది. నేతలో కొంత వాటా సిరిసిల్లలోని చిన్న కార్ఖానాలకు ఇవ్వాలి. ఏ కార్ఖానా ఎంత నేసిందో మూడు నెలలకొకసారి సర్కారుకు నివేదించాలి. నేయని కార్ఖానా పేరు కొట్టివేస్తారు. పేరు పోతే నూలు రాదు. ఆ నివేదిక వ్రాయడం నా పని.

1984 చలికాలంలో దానిని సరిచూడడానికి ఆదిలాబాదు నుంచి ఒక అధికారి వచ్చారు. ఆయనను వెంటబెట్టుకొని సిరిసిల్ల వెళ్లాను. ఒక వితంతువు కార్ఖానాలో సాంచెలు రెండూ పాత చీర కప్పుకొని ఉన్నాయి. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. నా నివేదిక ప్రకారమైతే ఆ మూడు నెలలూ అక్కడ దుప్పట్లు నేశారు.

"ఏం పంతులూ, చీర కప్పుకొని నేస్తయా గీ సాంచెలు?" అన్నారు అధికారి.

ఆమె గడపలో నిలబడి ఉంది. "మా ఆయన పోయినంక ఆపినం సారూ. ఎండకాలం మొదట్ల నా తమ్ముడొచ్చి నడుపుతడు."

"మరి నేసిందెవరు?"

పక్క కార్ఖానా ఆసామి జుట్టుకు అంటిన నూలు దుమ్ముతోనే పరుగెత్తి వచ్చాడు. "నేనే సారూ. వదినె భీములు నా సాంచెల మీద ఎక్కిచ్చి నేసిన."

ఆ వాడలో ఒక ఇంట చావు జరిగితే, ఇరుగుపొరుగువారు ఆ ఇంటి భీములను, అంటే పడుగు నూలు చుట్టిన కడ్డీలను, తమ సాంచెలపై ఎక్కించి నేసి, బట్టను ఆ ఇంటి పేరుననే అప్పగిస్తారట. అంత సహజమైన పనిని నాతో చెప్పాలని వారెవరికీ తోచలేదు.

"నీ సాంచె మీద నేస్తే నీ లెక్కనే గదా," అన్నారు అధికారి. "నీ పేరు మీద రాయిస్త. నీకే నూలు ఎక్కువొస్తది."

"వద్దు సారూ. గట్ల రాస్తే రేపు వదినెకు నూలెవరిస్తరు? ఆమె తమ్ముడు ఉత్త సాంచెలు చూసుకుంట కూసుంటడా?"

"గీ రివాజు రూల్లల్ల లేదయ్యా."

"రూల్లు రాసినోళ్లు మా గల్లీకి రాలే గదా సారూ. మీరు వచ్చిండ్రు."

ఆమె మెల్లగా అంది, "తప్పయితే నా పేరు కొట్టేయుండ్రి సారూ. గాయినను మాత్రం ఏమనకుండ్రి."

అధికారి జరిగినది జరిగినట్లు నివేదిక కింద చేర్చమన్నారు. నేను "భర్తృవియోగసంతప్త యగు నీ గృహిణి..." అని ఆరంభించాను. ఆయన తొంగిచూసి పకపక నవ్వారు.

"పంతులూ, మా పెద్దసారు ఇది చదివేసరికి ఈమె తమ్ముడు ముసలోడైతడు. జర సాదాగ రాయి."

సాదాగానే వ్రాశాను. స్వయంగా చూచి విచారించానని కింద ఆయన సంతకం చేశారు. ఆమె పేరు మీద ఒక్క గీత గీసి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయి ఉంటే ఆయనను అడిగేవారు లేరు. పొరుగు ఆసామి ఊరకే తల ఊపి ఉంటే అతనికి అదనపు నూలు దక్కేది. ఆ ఇద్దరికీ నేటికీ మనసులో నమస్కరిస్తూనే ఉంటాను.

1985 ఫిబ్రవరిలో ఆమె పేరును ఉంచుతూ ఉత్తర్వు వచ్చింది. మార్చిలో ఆమె తమ్ముడు సాంచెలు నడపడం మొదలుపెట్టాడు.