కొబ్బరినూనె పూసిన కమాను

ఆ రోజుల్లో, అంటే ధర్మవరంలో మా వీధి మొత్తానికి ఒకే ఫోను ఉన్న కాలంలో, నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో డిగ్రీ, ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం. ఇంకేం కావాలి? స్కూల్లో పిల్లలకు, ఇంట్లో నాయనకు, అమ్మకు తీరిక లేకుండా పాఠాలు చెప్పేదాన్ని. మగ్గం ఎట్లా నేయాలో నాయనకు, వంట ఎట్లా చేయాలో అమ్మకు. (నేసేది నాయనే, వండేది అమ్మే.) నేను నోరు మూసుకుని కూర్చునేది ఒక్క మనిషి ముందే. ఆమె పెనుకొండ అక్క. మాకు చుట్టమేమీ కాదు. మా నాయన దగ్గర పట్టుచీర కొనడానికి వచ్చి, ఏళ్ళు గడిచేసరికి ఇంటి మనిషైపోయింది.

అక్క వయొలిన్ విద్వాంసురాలు. పాడేవాళ్ళ ఎడమ పక్కన కూర్చుని పదిహేనేళ్ళుగా పక్కవాద్యం వాయించేది. గాయకుడు సగంలో వదిలేసిన సంగతిని కింద పడనివ్వకుండా అందుకుని, ఇంకాస్త అందం చేర్చి అతనికే తిరిగి ఇచ్చేది. చప్పట్లు అతనికి, పెద్ద దండ కూడా అతనికే. అక్క ఏమీ అనుకునేది కాదు. నేనే ఆమె తరఫున మండిపడేదాన్ని. అలాంటి అక్కకు మొదటిసారి హిందూపురంలో ఒక కల్యాణ మండపంలో తనే ప్రధానంగా కచేరీ చేసే అవకాశం వచ్చింది. వినడానికి బెంగళూరు నుంచి ఒక సంగీత సభ కార్యదర్శి వస్తున్నాడు. ఆయనకు నచ్చితే అక్కడి ఉత్సవాలకు పిలుస్తారు. "ఇది బాగా జరగకపోతే మళ్ళీ పక్కన కూచునేదే పాపా, మధ్యలోకి ఇంకెవురూ పిలవరు" అంది అక్క, ఎప్పుడూ లేనంత మెల్లగా.

కచేరీ రోజు పొద్దున్నే, నాయన ఆమె కోసం నేసిన చీర తీసుకోవడానికి మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం ప్యాసింజర్లో ఇద్దరం హిందూపురం పోవాలని ఏర్పాటు. వయొలిన్ పెట్టె నాకు అప్పజెప్పి, చీర కట్టి చూసుకోవడానికి లోపలికి పోయింది. నేను పెట్టె తెరిచాను. తీగల మీద లాగే కమాను నిండా తెల్లటి పొడి! మా ఇంట్లో పోగు మీద దుమ్ము పడితే నాయనకు అన్నం సయించదు. ఇంత గొప్ప మనిషి కమాను ఇట్లా దుమ్ము కొట్టుకుపోయి ఉండటమేమిటని నా ప్రాణం విలవిల్లాడింది. గుడ్డతో శుభ్రంగా తుడిచాను. అయినా వెంట్రుకలు గరుకుగా తగిలాయి. అవి గుర్రం తోక వెంట్రుకలని విన్నాను. వెంట్రుకలు గరుకైతే ఏం చేయాలో నాకు ఒకరు చెప్పాలా? అరచేతిలో నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసుకుని మొదలు నుంచి కొస దాకా పట్టించాను. కమాను నిగనిగలాడింది. ఘర్షణ తగ్గితే పని సులువవుతుందని కూడా మురిసిపోయాను. (ఆ వారమే ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం చెప్పాను మరి.)

భోజనాలయ్యాక అమ్మ ఒక్క పాట వాయించమని అడిగింది. అక్క మగ్గం పక్కనే చాప మీద కూర్చుని కమాను లాగింది. కమాను అటు పోయింది, ఇటు వచ్చింది. చప్పుడు మాత్రం లేదు. అక్క కమానును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పాపా, ఇది నీ జడ వాసన వస్తాండాదేమి?"

"మెరుపు వస్తాదని కొంచెం నూనె పూసినాక్కా."

అప్పుడు తెలిసింది, ఆ తెల్లటిది దుమ్ము కాదు, రోజిన్ అనే జిగురు బిళ్ళ మీద రుద్దితే అంటుకునే పొడి. అది తీగను పట్టుకుంటేనే నాదం పుడుతుందట. రెండో కమాను వెంట్రుకలు మార్పించడానికి బెంగళూరు పోయి ఇంకా రాలేదు. అక్క కమాను ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నేను భోరుమన్నాను. మగ్గం ఆపి నాయన లేచి వచ్చాడు.

"ఏడుపు ఆపు. పట్టు మీద నూనె పడితే మేము చీర పారేస్తామా? పోయి కుంకుడుకాయలు కొట్టుకోని రా."

కమాను కర్రకు తడి తగలకుండా గుడ్డ చుట్టి, గోరువెచ్చని కుంకుడు నురగలో ఆ వెంట్రుకలను రెండు వేళ్ళ మధ్య పట్టి, పోగు పోగునూ కడిగాడు. అంతలో రైలుకు టైమైంది. "ఎండకు పెట్టాకండి, గాలికి పెట్టండి" అని పంపించాడు.

గాలి ఎక్కడుంది? రైలు కిటికీలో ఉంది. చువ్వల మధ్య నుంచి కమాను బయటికి పెట్టి నేను, ఎదురుగా అక్క. పక్కనే మడకశిర వక్కల వ్యాపారి ఒకాయన చాలాసేపు ఓర్చుకుని అడిగాడు.

"ఏమ్మా, ఆ కట్టె బయట పెట్టుకోని యాడికి పోతాండావు?"

"కచేరీకి. ఆరబెడతాండా."

ఆయనకు ఏం అర్థమైందో గానీ, అప్పటి నుంచి కిటికీకి ముఖం ఆనించి "తంతి కంబం వస్తాది, లోపలికి తీసుకో! ఆ, ఇంక పెట్టుకో!" అని కాపలా కాశాడు. పెనుకొండ స్టేషన్లో ఎక్కినవాళ్ళు కూడా తలా ఒక సలహా ఇచ్చారు. అక్క మాత్రం అవతలి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. నా మీద కోపమనుకుని ఆమె వైపు తల తిప్పడానికే నాకు ధైర్యం చాలలేదు.

సాయంత్రం మండపం వెనక గదిలో ఆ వెంట్రుకలకు బిళ్ళ రుద్దీ రుద్దీ అక్క వేదిక ఎక్కింది. కచేరీ మామూలుగా చురుకైన వర్ణంతో మొదలవుతుంది. అక్క మాత్రం సహాన రాగాన్ని మెల్లగా, వినపడీ వినపడనట్టు ఎత్తుకుంది. మృదంగం ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని తెల్లబోయి చూశాడు. వెనక వరసల్లో కబుర్లు ఆగాయి. ఫ్యాన్ల చప్పుడు ఎక్కువైందని ఎవరో లేచి రెండు ఫ్యాన్లు ఆపేశారు. జనం చెమటలు కారుస్తూ కదలకుండా విన్నారు. అంత సన్నటి నాదంలో అంత దుఃఖం, అంత ఓదార్పు ఎట్లా పట్టాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాకు సంగీతం రాదు, అయినా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. అయిపోగానే బెంగళూరు ఆయన నేరుగా వేదిక దగ్గరికి వచ్చాడు.

"ఏనమ్మా, ఇంత మృదువుగా కమాను నడిపేది ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"ధర్మవరంలో సార్, మావాళ్ళ దగ్గర" అంది అక్క, నా వైపు చూసి.

ఆ తర్వాత అక్క మళ్ళీ పక్కన కూర్చోలేదు. బెంగళూరు, మైసూరు, మద్రాసు, ఎక్కడ వాయించినా ఆ మెత్తదనం గురించే రాసేవాళ్ళు. నేను పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, స్టాఫ్ రూముల్లో దొరికినవాళ్ళనల్లా కూర్చోబెట్టి, ఆ శైలికి మూలం మా ఇంటి కొబ్బరినూనె సీసా అని చెప్పుకుని తిరిగాను. పదేళ్ళ తర్వాత పెనుకొండలో అక్క ఇంట్లో ఆమె ముందే ఆ గొప్ప చెప్పబోయాను. అక్క కడుపుబ్బ నవ్వింది.

"మీ నాయన కడిగినాక కమాను బాగానే పలికింది పాపా. వణికింది నా చెయ్యి. గట్టిగా లాగితే వణుకు బయటపడతాదని మెల్లగా ఎత్తుకున్యా. రైలెక్కినప్పటి నుంచే వణుకు. తిరిగి ఇంటికి పోదామని నీతో అనాలని ఎన్ని తూర్లు అనుకున్యానో. నువ్వేమో ఇంత చిన్న ముఖం చేసుకోని కమాను పట్టుకోని కూచున్యావు. ఇంక ఏమని చెప్పేది?"

పదేళ్ళ గొప్ప ఒక్క మాటతో పోయింది. అయినా చిత్రంగా, అక్క మీద గౌరవం ఇంకా పెరిగింది. అంత భయాన్ని చేతిలో పెట్టుకుని అంత సంగీతం వాయించిందా! ఆ రైల్లో భయపడింది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం ఒక్కసారి చూసి, ఖాళీగా ఉన్న నా రెండో చెయ్యి ఆమె చేతి మీద వేసి ఉంటే ఎంత బాగుండేది, పిచ్చిపిల్లను నేను!