చెంబులో పడిన ఎర్రపొట్టు

కాణిపాకం గుడికి పోయే దారిలో చపాతీకర్రలు, పప్పుగుత్తులు, కవ్వాలు చేసి అమ్ముకునే రాజారత్నానికి ధైర్యం లేదని అనడం అన్యాయం. ధైర్యం ఉంది. కాకపోతే అది అవసరం తీరిపోయాక వస్తుంది.

అతని ఆస్తి వాళ్ల నాయన చేసిన చేతిరంపం. సామిల్లులో అరిగి పారేసిన రంపప్పట్టీ ముక్క తెచ్చి, ఆకురాయితో ఒక్కో పన్నూ రాసి, ఒకటి అటూ ఒకటి ఇటూ వంచి, చింతవేరుతో పిడి బిగించాడు ఆయన. తొందరపెట్టకపోతే చేవదేరిన చింతమొద్దునైనా అడ్డంగా కోసేస్తుంది. పెద్దగా మోత కూడా ఉండదు.

ఆ రోజు పొద్దున ఆటో జోయల్ గోనెపట్టాలో చుట్టిన మొద్దొకటి దించి, "మా అత్తోళ్ల పాతిల్లు కొట్టేసినారన్నా. ఏం కట్టెనో నాకు తెల్దు, చేవ మాత్రం గట్టిది. కర్రలు చేసుకో. మా ఇంటిదానికి ఒకటి ఇస్తే సాలు" అని వెళ్లిపోయాడు.

రాజారత్నం మొద్దు మీద కాలు అదిమిపెట్టి కోత మొదలుపెట్టాడు. సగం దిగాక రంపం బిగుసుకుంది. కోతలో కాసిని నీళ్లు చల్లి మళ్లీ లాగాడు. ఈసారి బయటికొచ్చిన పొట్టు ఎర్రగా ఉంది. వేళ్లకు రక్తంలా అంటుకుంది.

అతని చెయ్యి ఆగిపోయింది. ఈ సీమలో ఎర్రగా ఉండే చేవకట్టె అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది శేషాచలం ఎర్రచందనమే. టీవీలో ఎన్నిసార్లు చూడలేదు? పట్టుబడినవాళ్లను వరసగా కూర్చోబెట్టి, ముందర దుంగలూ గొడ్డళ్లూ రంపాలూ పేర్చి ఫొటో తీస్తారు. ఆ రంపాలు కూడా ఇలాంటి చేతిరంపాలే. నాయన చేసిన రంపం, చింతవేరు పిడితో సహా, ఆ వరసలో కనబడింది. దాని వెనక తలొంచుకుని కూర్చున్న తనూ కనబడ్డాడు.

జోయల్‌కి ఫోన్ చేశాడు. స్విచాఫ్.

"ఏమన్నా, కోడిని కోసినావా? చేతులకంతా రగతం!" పక్క టీకొట్టు మునెమ్మ కేకేసింది.

"మెల్లిగా మాట్లాడమ్మా తల్లీ!"

పొట్టంతా ఎత్తి పక్కనున్న నీళ్లచెంబులో వేశాడు. కాలవలో పారబోద్దామని లేచేసరికి అంగడి ముందు జీపు ఆగింది. అందులోంచి ఖాకీ బట్టలాయన దిగాడు. జీపు మీద అటవీశాఖ అని రాసి ఉంది.

చెంబు కింద పెట్టి రంపం లాగాడు, ఊడి రాలేదు. దాని మీద తువ్వాలు కప్పి, మొద్దు మీద కూర్చుని, లుంగీ నాలుగువైపులా పరిచాడు రాజారత్నం, గుడ్లు పొదిగే పెట్టలాగా.

"మంచి చపాతీకర్ర ఒకటి ఇయ్యప్పా."

"ఆడుండాయి సార్, తీసుకోండి."

"లేసి ఇయ్యన్నా, సార్ వొచ్చినాడు గదా!" అంది మునెమ్మ.

"నడుం పట్టేసినాది" అన్నాడు రాజారత్నం. చెమట కంట్లోకి కారుతున్నా చెయ్యెత్తి తుడుచుకోలేదు. చేతులు ఎర్రగా ఉన్నాయి కదా.

ఎండకు నాలుక తడారిందో ఏమో, సారు వంగి చెంబు అందుకున్నాడు.

"సార్! అది తాగేది కాదు!"

"మరేంది?"

"మందు సార్."

"దేనికి?"

"షుగరుకు సార్. మా ఇంటిదానికి."

సారు నవ్వాడు. "కాణిపాకంలో కూర్చోని చెప్తా ఉండావు. నిజమేనా?"

"ప్రమాణంగా సార్!"

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. ఎక్కడెక్కడి తగాదాలవాళ్లో వచ్చి, తలస్నానం చేసి, ఇక్కడి వినాయకుడి ముందు ప్రమాణం చేసి తేల్చుకుంటారు. ఇక్కడ అబద్ధమాడినవాడిని స్వామి వదలడని చిన్నప్పటి నుంచీ వింటున్నాడు. ముందర జీపు, వెనక గుడి.

సారు మునెమ్మ దగ్గర గాజుగ్లాసు తీసుకుని చెంబులో నీళ్లు వంచాడు. ఎండకేసి పట్టి చూశాడు. పసుపుపచ్చటి నీళ్ల అంచున నెమలికంఠంలాంటి నీలం మెరిసింది.

"అబ్బా, వేగిస కట్టె నానేసిన నీళ్లు! మా యమ్మ కూడా షుగరుకని ఇదే తాగతాది. కట్టె యాడ దొరికిందప్పా?"

రాజారత్నం మొద్దు మీద ఇంకాస్త వెడల్పుగా సర్దుకు కూర్చున్నాడు.

"దీని జిగురు ఎర్రగుంటాది గానీ, నీళ్లలో ఏస్తే ఇట్ల నీలం దేల్తాది. ఎర్రచందనానికి ఈ నీలం రాదు. లెయ్, కట్టె సూస్తాను."

లేచాడు. పర్రుమంది. మొద్దు పక్కకు పొడుచుకొచ్చిన రంపం పళ్లకు లుంగీ చిక్కుకుని, మోకాలి నుంచి నడుం దాకా చినిగిపోయింది. మునెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, గోనెపట్టా తెచ్చి విసిరింది. "సుట్టుకోన్నా, గుడి ముందర!"

సారు మొద్దును అటూ ఇటూ తిప్పాడు. ఒక పక్క పాత సున్నం పెచ్చులు, ఇంకో పక్క దూలం దిగిన తొర్ర. "పాతింటి స్తంభమే. దీన్నెందుకప్పా పొదగతా ఉండావు? మా యమ్మ మందునీళ్లు తాగేదానికి దీంట్లో ఒక గ్లాసు తొలిచి పెట్టు, మళ్లా వొస్తా" అని చపాతీకర్ర తీసుకుని జీపెక్కాడు.

జీపు భయం పోయింది. గుడి భయం మిగిలింది. పెళ్లాం పోలేరమ్మకు షుగరు లేదు. ఉందని ప్రమాణం చేశాడు.

మధ్యాహ్నం గోనెపట్టా చుట్టుకుని, చెంబు పట్టుకుని ఇంటికి పోయాడు.

"ఒక్క గుక్క తాగమ్మే."

"ఏంది మామా అది?"

"షుగరు మందు."

"నాకు షుగరు యాడుండాది?"

"ఉండాదని ప్రమాణం చేసినా. నువ్వు తాగితే సగమన్నా నిజమవతాది."

పోలేరమ్మ చెంబు వైపు చూసింది, గోనెపట్టా వైపు చూసింది. ముక్కు మూసుకుని ఒక గుక్క మింగింది. వగరుకు మొహం ముడుచుకుపోయింది.

"నా భాగం అయిపోయింది" అని చెంబు అతని ముందర పెట్టింది. "మునెమ్మ ఫోన్ చేసినాదిలే. నడుం పట్టేసినాదని గూడా చెప్పినావంట గదా. వొంగు, ఆ మూల బియ్యం మూట ఎత్తిపెట్టు. సాయంత్రానికి అదీ నిజమవతాది."