కుక్కకు నేర్పిన మాట

కుక్కకు ఒంటికీ రెంటికీ అలవాటు చేయడం గురించి నాకు తెలిసినంత మా వీధిలో ఇంకెవరికీ తెలియదు. గొప్పగా చెప్పుకునే విద్యేమీ కాదది. అయినా ఒక చేతిలో పాత న్యూస్‌పేపరు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని, తొమ్మిది నెలలపాటు ఒక జంతువు వెనకభాగాన్నే చూస్తూ నడిచిన మనిషిని నేను. ఆ మాత్రం చెప్పుకునే హక్కు నాకుంది.

కుక్క మా ఆయనది. ఆయన తోటపల్లి గూడూరు వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసేవారు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటా పోయింది. కొన్నాళ్ళకు కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది, మాట మాత్రం నాలుగు ముక్కలే తిరిగొచ్చింది. రెండు పూటలా నడిపించమని, నడవకపోతే వచ్చిన కాలు కూడా పోతుందని నెల్లూరు డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఈయన గడప దాటితే కదా! వీధిలోకి వస్తే ప్రతివాళ్ళూ ఆగి, "ఎట్టుండావన్నా? కాస్త తేలిగ్గా ఉండాదా?" అని అడుగుతారు. జవాబు కోసం ఆయన నోటితో కుస్తీ పడుతుంటే ఎదురుగా జాలిగా నిలబడతారు. దాన్ని ఆయన భరించలేకపోయారు.

చెరువు గట్టు మీద కాపలా గుడిసెలో పుట్టిన కుక్కపిల్లను, ఆయనతో పనిచేసినతను ఒకరోజు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. గోధుమ రంగు నాటుకుక్క. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకోటి వాలిపోయి ఉంటుంది. దాన్ని పట్టుకుని బయటికి వెళ్తే జనం ఆయన్ని పలకరించడం మానేసి కుక్కను పలకరించడం మొదలుపెట్టారు. "ఏందిరా, కరుస్తావా? ఏం దిన్నావురా పొద్దున్నే?" కుక్క తోక ఊపేది, పలకరింపు అక్కడితో ముగిసేది. ఆయన రెండు పూటలా నడవసాగారు. నాకు కుక్కలంటే ప్రేమ లేదు, ఇప్పటికీ లేదు. అయినా ఆ కుక్క మా ఇంట్లో ఉండి తీరాలని మొదటి వారంలోనే నాకు అర్థమైంది.

చిక్కల్లా దాని కాలకృత్యాలతోనే. గంటసేపు బయట తిప్పినా ఒక చుక్క రాల్చేది కాదు. ఇంటికొచ్చి గొలుసు విప్పగానే గడప ముందు చల్లగా పని కానిచ్చేది. ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆటోలో సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాం. కనుచూపు మేర ఇసుక. అది అంతా వాసన చూసుకుంటూ వెళ్ళి, ఎవరో ఆరబెట్టుకున్న వల వెతుక్కుని మరీ దాని మీద కూర్చుంది. వల మనిషి పరిగెత్తుకొచ్చాడు.

"ఇంత ఇసక ఉండాదే, నా వలే దొరికిందా దీనికి?" అన్నాడు.

అతని దగ్గరే బకెట్టు అడిగి, ఉప్పునీళ్ళు మోసి ఆ వల నేనే కడిగాను. మా ఆయన అటు తిరిగి నిలబడ్డారు. భుజాలు ఊగుతుంటే ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను. తీరా చూస్తే నవ్వు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

అప్పుడు పద్ధతిగా నేర్పడం మొదలుపెట్టాను. తిండి పెట్టిన పావుగంటకు పంట కాలవ పక్కన ఒకే చోటికి తీసుకెళ్ళాలి. అది మొదలుపెట్టే క్షణంలో ఒకే మాట అనాలి. అయ్యాక ఒక ఎండు రొయ్య పెట్టాలి. అలా కొన్నాళ్ళు చేస్తే, తర్వాత మాట అంటే చాలు. ఆ మాట మా ఆయన నోట పలికేదై ఉండాలి. ఆయన దగ్గర అప్పటికి ఉన్నవి "ఆఁ", "వద్దు", "కానీ". అన్నం ముందు పెట్టినా, మాత్ర చేతికిచ్చినా, ఇక మొదలుపెట్టు అన్నట్టుగా "ఊఁ, కానీ" అనేవారు. ఆ మాటే ఖాయం చేశాం. మూడు వారాల్లో కుక్క పట్టేసింది. ఆయన కర్ర ఆనించి నిలబడి "కానీ..." అని సాగదీస్తే చాలు, ఉన్నచోటే కూర్చునేది. ఆయన నావైపు దర్జాగా చూసేవారు.

ఆ మాట లేకుండా తెలుగువాళ్ళెవరూ రెండు నిమిషాలు మాట్లాడలేరన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ఒకరోజు మందుల షాపతను "ఇస్తాను కానీ... చీటీ ఏదమ్మా?" అన్నాడు. మధ్యలో అతను ఆగాడు, కుక్క ఆగలేదు. షాపు మెట్టంతా తడిసింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగి, వేరే మాట వెతుక్కుంటుంది.

మా ఓనరమ్మ పక్క వాటాలోనే ఉంటుంది. మా చర్చి సంఘంలో మనిషే. కోతలయ్యాక ఇంటి ముందు తారురోడ్డు మీద వడ్లు ఆరబోసుకుని, కాళ్ళతో కలియదొక్కుతూ ఎవరితోనో, "ఎండ బాగానే ఉండాది కానీ..." అని ఆకాశం వైపు చూసింది. మా కుక్క సరిగ్గా వడ్ల అంచున ఉంది. ఆమె తడిసిన గింజలు చేటతో ఎత్తి పారబోసి మా గుమ్మంలోకి వచ్చింది. గొంతు పెంచలేదు.

"అన్న నడస్తా ఉండాడని నాకూ సంతోషమే అక్కా. అయితే తినే గింజలు గదా అవి. ఇంకొక్కసారి నా వాకిట్లోగానీ ఇంట్లోగానీ చేసిందంటే, దాన్ని చెరువుకి పంపించెయ్యాల."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. పంపిస్తానని మాటిచ్చాను. ఆ రోజు నుంచి వేరే మాట నేర్పాలని చూశాను, ఏ కొత్త మాటకూ ఆయన నాలుక తిరగలేదు. చివరికి వీధే సర్దుకుంది. కుక్క ఎదురుగా ఉంటే అందరూ నాలుక కరుచుకుని "అయితే" అనడం మొదలుపెట్టారు. నాలుగు నెలలు ఏ గొడవా లేకుండా గడిచింది.

ఒక శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. పాస్టరు గారు, ఓనరమ్మ, ఇంకో పదిమంది. బయట వాన కురుస్తుంటే కుక్కను లోపలికి తెచ్చి, మా ఆయన కుర్చీ పక్కన కిటికీ ఊచకు కట్టాను. పాస్టరు గారికి సంగతి తెలుసు. "ఈపొద్దు నేనూ ‘అయితే’ అనే అంటానమ్మా, మన బైబిల్లో ఎక్కువ ఉండేదీ అదే" అని నవ్వారు. ఇరవై నిమిషాలు మాట నిలబెట్టుకున్నారు. తర్వాత ప్రసంగం వేడెక్కింది. "కానీ... దేవుడు చూస్తా ఉండాడు!" అన్నారు చెయ్యెత్తి. అందరి తలలూ కుక్క వైపు తిరిగాయి. అది కళ్ళు మూసుకునే ఉంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

చివరి పాటకు లేచి నిలబడేసరికి ఓనరమ్మ కాలికి తడి తగిలింది. గచ్చు మీద నుంచి చాప కిందికి ధార కట్టి ఉంది.

"అక్కా, చూడు" అంది.

గుడ్డ తెచ్చి కింద కూర్చున్నాను. తుడుచుకుంటూ వెళ్తే ధార కుక్క దగ్గరికి వెళ్ళలేదు. ప్లాస్టిక్ కుర్చీ అంచు నుంచి చుక్క చుక్కగా పడుతోంది. ఆయన లుంగీ ముందుభాగం తడిసి ఉంది. అంతకుముందు ఇంట్లో రెండుసార్లు అలా అయింది. నేను లుంగీ ఉతికి ఆరేశాను, దాని గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు. నలుగురిలో అవడం ఇదే మొదటిసారి.

"కుక్కేనా?" అని అడిగింది ఓనరమ్మ.

"కుక్కే" అన్నాను. తలెత్తకుండా, తడబడకుండా అన్నాను. "పాస్టరు గారు ఆ మాట అన్నారు గదా." అందరూ నవ్వారు. పాస్టరు గారు అయ్యో అని నొచ్చుకున్నారు.

"అయితే రేపు దాన్ని పంపించెయ్యక్కా. మనం అనుకున్నదే గదా."

"పంపిస్తాను" అన్నాను. కుక్క పోతే ఆయన మళ్ళీ గడప దాటరని నాకు తెలుసు. తెలిసే అన్నాను. పదిమంది ముందు మొగుడి పరువు పోకూడదని ఆ క్షణంలో నాకు అంత గట్టిగా అనిపించింది. దానికి ఎంత మూల్యమైనా చెల్లించవచ్చనుకున్నాను. ఆయన్ని అడగాలని మాత్రం తోచలేదు.

కర్ర నేల మీద ఠప్పున పడింది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

"కా... కా... కాదు."

అందరూ ఆయన వైపు తిరిగి నిలబడిపోయారు. ఎవరూ మాట అందించలేదు, నేనూ అందించలేదు. ఆయన ఎడమ చేత్తో తడిసిన లుంగీని పిడికిట్లో పట్టుకుని, అందరికీ కనిపించేలా ఎత్తి చూపించారు.

"నే... నేను."

ఓనరమ్మ వంగి నా చేతిలో గుడ్డ తీసుకుంది. "లే అక్కా. అన్నకి లుంగీ తెచ్చియ్యి పో. ఇది నేను తుడుస్తాలే" అంది. నా అబద్ధం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

లోపల బీరువా ముందు నిలబడితే ఏడుపొచ్చింది. నేను చేసినదానికి సిగ్గుతో వచ్చింది, ఆయన సిగ్గు చూసి వచ్చింది కాదు. ముఖం తుడుచుకుని ఉతికిన లుంగీ పట్టుకుని బయటికి వచ్చాను. ఆయన కుర్చీలో పక్కకు ఒరిగి, ఎడమ చెయ్యి కుక్క మెడ చుట్టూ వేసుకుని ఉన్నారు. నేను దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆ చెయ్యి ఇంకా బిగుసుకుంది.