ఆవకాయలో ఏముంటుందో తెలియదన్నాను

మొన్న శనివారం పొద్దున మిక్సీ మూత తీయగానే ఆవపిండి ఘాటు నేరుగా నడినెత్తికెక్కింది. కెనడాలో, మిస్సిసాగాలోని ఈ టౌన్‌హౌస్‌కు వచ్చి నాలుగేళ్లయినా ఆవకాయ ఎప్పుడూ సీసాలో కొన్నదే. ఈసారి ఇండియన్ స్టోర్‌లో మంచి పుల్లటి కాయలు కనబడ్డాయని మా ఆయన డజను మోసుకొచ్చాడు. నా కళ్లు, ముక్కు కలిసి కారుతుంటే కిటికీ తెరిచి, "ఇంత ఘాటా?" అని నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది మా అమ్మ కాదు, అమ్మమ్మా కాదు. రెజైనాలో ఒక యూనివర్సిటీ డైనింగ్ హాల్లో, జుట్టుకు వల పెట్టుకుని, కౌంటర్ వెనక గరిటె పట్టుకు నిలబడిన సువార్త ఆంటీ. ఆమెకు నేను చేసిన పని ఇంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సిగ్గు అడ్డొచ్చింది, అంతే.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. హైదరాబాదులో మా కాలేజీ నుంచి రెండు సెమిస్టర్లకు ఎక్స్‌ఛేంజ్ స్టూడెంటుగా నన్నొక్కదాన్నే పంపారు. ఎగిరి గంతేసి వెళ్లినదాన్ని వారం తిరక్కుండానే బిక్కమొహం వేశాను. అక్కడివాళ్ల ఇంగ్లీషు చెవిన పడేది గానీ, అర్థమయ్యేలోపు మాట ఇంకెక్కడికో వెళ్లిపోయేది. ఎవరైనా జోకు వేస్తే పక్కవాళ్లను చూసి నవ్వేదాన్ని. తిండి సరే సరి. ఒక మధ్యాహ్నం ప్లేట్లో అన్నం పెట్టుకుని, కౌంటర్లో ఉన్న చిక్కుడుగింజల కూర కోసం ప్లేటు చాపాను. వడ్డించే ఆవిడ గరిటె ఆపి నా ప్లేటుకేసి చూసింది.

"ఏ ఊరమ్మా మీది?" అంది. తెలుగులో.

చెప్పాను. తర్వాత ఎలా కనిపెట్టారని అడిగితే, "అన్నం మజ్జిలో గుంట చేసి ప్లేటు చాపేవు గదా. ఇంకెవరు చేత్తారలాగ?" అంది. నేను గుంట చేసిన సంగతి నాకే తెలియదు. ఆమెది నరసాపురం దగ్గర పల్లెటూరు. భర్త వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేసేవాడు. ఇద్దరూ కెనడాలో స్థిరపడడానికి పెట్టుకున్న పీఆర్ అప్లికేషను ఆమె చేస్తున్న ఆ డైనింగ్ హాల్ ఉద్యోగం మీదే ఆధారపడి ఉందని మొదటి రోజే చెప్పింది. ఆమెకు దాపరికాలు ఉండేవి కావు. ఆదివారం చర్చిలో ఏం పాడారో, చలికి మోకాలు ఎలా పట్టేసిందో, ఏ షాపులో బూట్లు చవకో అన్నీ ఒకే గొంతుతో చెప్పేది.

నేను రోజూ కౌంటర్ ఎదురుగా ఉన్న బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని, ఆమె ఖాళీ అయినప్పుడు మాట్లాడుతూ తినేదాన్ని. నాలుగు రోజులు ఓపిక పట్టి అయిదో రోజు ఆంటీ కసిరింది. "నా మొహం చూత్తా తినడానికా ఇంత దూరం వచ్చేవు? ఎళ్లి ఆ పిల్లల దగ్గర కూకో."

"వాళ్ల మాటలు అర్థం కావట్లేదు ఆంటీ."

"నాకూ ఏడాది పాటు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్తే మళ్లీ చెప్తారు. నోరు మూసుకు కూకుంటే పొగరనుకుంటారు."

వెళ్లి కూర్చున్నాను. అర్థం కాలేదని చెప్పాను. వాళ్లు నిజంగానే మళ్లీ చెప్పారు. అందులో క్లేర్ అనే అమ్మాయి మూడోసారి కూడా విసుక్కోకుండా చెప్పింది. హాస్టల్లో మా అంతస్తులోనే ఉండేది. వాళ్లది ఆ రాష్ట్రమే, సస్కాచువన్‌లో వ్యవసాయ కుటుంబం. వాళ్ల నాన్న వేసేది ఆవ పంట. ఆ పంటే తనకు పడదు. కొంచెం నోట్లోకి వెళ్లినా గొంతు వాచిపోతుంది. ఆ సంగతి తను పరిచయమైన వారంలోనే నవ్వుతూ చెప్పి, బ్యాగు ముందు అరలో ఎప్పుడూ ఉండే, అలాంటప్పుడు పొడుచుకునే ఇంజెక్షన్ పెన్ను కూడా నాకు చూపించింది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. నాకు తెలుసు.

ఆంటీ మధ్యాహ్నం బ్రేక్‌లో వెనక తలుపు దగ్గర బెంచీ మీద కూర్చుని తన స్టీలు బాక్సు తెరిచేది. అందులో మూలన ఒక ముద్ద ఆవకాయ ఉండేది. క్లాసు లేని రోజుల్లో నన్ను పిలిచి అందులోంచి సగం నా అన్నంలో వేసేది. ఆ ఎర్రటి ముద్ద తిన్న రోజు నేను ఇంటికి ఫోన్ చేసి ఏడవలేదు. ఫిబ్రవరిలో ఒకనాడు నాకు గొప్ప బుద్ధి పుట్టింది. స్నేహితులందరికీ మన రుచి చూపించాలని.

"కొంచెం ఇక్కడే వెయ్యండి ఆంటీ, మా వాళ్లకి చూపిస్తాను" అన్నాను కౌంటర్ దగ్గర.

"కుదరదమ్మా. బయటి తిండి కౌంటర్లో తియ్యకూడదు. నా బ్రేక్ దాకా ఆగు."

"అప్పటికి వాళ్లు వెళ్లిపోతారు. ఒక్క చెంచా ఆంటీ, ప్లీజ్."

ఆమె అటూ ఇటూ చూసింది. నా మొహం చూసింది. కింద బ్యాగులోంచి బాక్సు తీసి ఒక చెంచా వేసింది. ఆ ప్లేటు పట్టుకుని ఊరేగింపుగా బల్ల దగ్గరికి వెళ్లాను. అయిదు నెలల్లో మొదటిసారి అందరూ నా మాట వింటున్నారు. క్లేర్ అడిగింది, "ఇందులో ఏమేం ఉంటాయి?" మామిడికాయ, కారం, నూనె, వెల్లుల్లి, ఉప్పు అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. తను ముద్దలో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. ఆ క్షణాన గుర్తొచ్చింది. గుర్తు రాలేదని నాకు నేను చాలా ఏళ్లు నచ్చజెప్పుకున్నాను గానీ, వచ్చింది. కొంచెమే కదా, ఏమీ కాదులే అనుకున్నాను. అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వు ఆపడం నాకు ఇష్టం లేకపోయింది.

రెండు నిమిషాల్లో తన పెదాలు వాచాయి. ఊపిరి ఈల వేసినట్టు రావడం మొదలైంది. కుర్చీలు పడ్డ చప్పుడుకు సువార్త ఆంటీ కౌంటర్ పక్క నుంచి పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుని కుదిపింది.

"ఏం పడదు ఈ పిల్లకి?"

"ఆవాలు ఆంటీ. ఆవాలు పడవు."

ఒక్క క్షణం ఆమె నన్ను చూసింది. "మందుందా?" అంది. బ్యాగు అర చూపించాను. ఆ పెన్ను తీసి జీన్స్ మీదనుంచే తొడలో పొడిచి, అంబులెన్సు వచ్చేదాకా క్లేర్ చేయి పట్టుకుని నేల మీద కూర్చుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. క్లేర్ బతికింది. మర్నాడు సాయంత్రానికల్లా గదికి వచ్చేసింది.

ఆ మర్నాడు హాస్టల్ ఆఫీసులో ఆంటీని, నన్ను పక్కపక్కన కూర్చోబెట్టి మేనేజరు ప్రశ్నలు అడిగింది. నన్ను వెనక్కి పంపేస్తారని, కాలేజీకి ఉత్తరం రాస్తారని రాత్రంతా వణికిపోయాను. ఆ పచ్చడిలో ఆవ ఉందని నీకు తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. ఇంట్లో అమ్మ చేస్తుంది, నేను తినడమే అన్నాను. తెలుగింట్లో తిరిగే పిల్లికి కూడా తెలుస్తుంది ఆవకాయలో ఏముంటుందో. కౌంటర్ దగ్గర వెయ్యమని నువ్వు అడిగావా అంది. ఆమే వేశారన్నాను. మేనేజరు ఆంటీ వైపు తిరిగింది. ఆంటీ ఒళ్లో చేతులు పెట్టుకుని, "యెస్ మేడమ్. షీ డోంట్ నో. మై మిస్టేక్" అంది.

బయట వరండాలో నేను ఏడుస్తుంటే ఆమె టిష్యూ ఇచ్చింది. "ఎందుకలా చెప్పారు ఆంటీ?" అన్నాను, అంతకన్నా సిగ్గులేని ప్రశ్న ఇంకొకటి ఉండదు.

"రూలు తప్పింది నేనే గదా. నిన్ను ఇరికిత్తే నా ఉజ్జోగం నిలబడుద్దా?" అంది. కోటు గుండీలు పెట్టుకుంది. "ఆ పిల్లకి మట్టుకు నిజం చెప్పెయ్యమ్మా. ప్రాణం మీదికి వచ్చింది తనకి."

చెప్తానన్నాను. ఆంటీ ఉద్యోగం ఆ వారమే పోయింది. పీఆర్ ఫైలు ఆగిపోయింది. వాళ్లు విన్నిపెగ్ వెళ్లిపోయారని తర్వాత ఎవరో అన్నారు. నేను మాత్రం సెమిస్టర్ పూర్తి చేసి, మంచి మార్కులతో సర్టిఫికెట్ పట్టుకుని, కాలేజీలో పూలదండ వేయించుకున్నాను. ఆ ఎక్స్‌ఛేంజ్ చూపించే తర్వాత ఇక్కడ మాస్టర్స్ సీటు తెచ్చుకున్నాను, ఆ డిగ్రీతోనే ఫార్మా కంపెనీలో ఈ ఉద్యోగం.

మూడేళ్ల క్రితం విన్నిపెగ్‌లోని ఒక తెలుగు చర్చి వాళ్ల ద్వారా ఆంటీ నంబరు సంపాదించాను. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. వృద్ధుల హోమ్‌లో పనిచేస్తోందట. పీఆర్ అయిదేళ్లు ఆలస్యంగా వచ్చిందట, ఆ సంగతి నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. నేను అబద్ధం చెప్పాను, నన్ను క్షమించండి అని వలవలా ఏడ్చాను. ఆమె విని, "ఆ పిల్ల బాగుందా?" అంది.

"బాగుంది ఆంటీ. పెళ్లయింది, ఒక పాప."

"చెప్పేవా తనకి?"

పాప ఫొటో పంపిస్తానన్నాను.

"నాకు చెప్పడం తేలికేనమ్మా. నాకు ముందే తెలుసు గదా" అంది. కోపంగా అనలేదు. డ్యూటీకి టైమయిందని, భోజనం మానొద్దని చెప్పి పెట్టేసింది.

క్లేర్ ప్రతి క్రిస్మస్‌కీ వీడియో కాల్ చేస్తుంది. పోయిన ఏడు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని నన్ను చూపించి, "అమ్మను డైనింగ్ హాల్ ఆవిడ దాదాపు చంపేసినప్పుడు ఈ ఆంటీ పక్కనే ఉంది తెలుసా" అని నవ్వుతూ చెప్పింది. పాప కళ్లు పెద్దవి చేసి ఆ చెడ్డావిడ ఎవరని అడిగింది. ఆమె పేరు సువార్త అని, మీ అమ్మ చేయి పట్టుకుని నేల మీద కూర్చుందని, తప్పు నాదని చెప్పడానికి పది సెకన్లు చాలు. మంచు బాగా పడుతోందా అక్కడ అని అడిగాను.

ఇన్నాళ్లకు మొత్తం రాశాను. ఒక్క మాట దాచలేదు. మా ఆయన చదువుతాడు, మీరు చదివారు. క్లేర్‌కు తెలుగు రాదు. ఆ సంగతి మొదటి వాక్యం రాస్తున్నప్పుడే నాకు తెలుసు.